ఎక్కడ మోగాలి

మా ఆఫీసు గదికి మధ్యలో గోడ లేదు గానీ ఉన్నట్టే లెక్క. కిటికీల వైపు ఫోన్‌లో నడిచే యాప్ రాసేవాళ్ళు కూర్చుంటారు. తలుపు వైపు కంప్యూటర్లో తెరుచుకునే పేజీ రాసేవాళ్ళు కూర్చుంటారు. రెండు జట్లూ చేసేది ఒకటే పని. కిడ్నీ కోసం ఆస్పత్రిలో పేరు రాయించుకుని ఎదురుచూసేవాళ్ళకి, అది దొరికిన రోజున పిలుపు వెళ్ళాలి. వాళ్ళు "వస్తున్నాను" అని నొక్కాలి. అంతే. ఇంత మాత్రానికి రెండు జట్లు, రెండు టీ ఫ్లాస్కులు, రెండు రకాల అలకలు. మధ్యలో నేను. ఫోన్‌లో ఎలా కనబడాలి, కంప్యూటర్లో ఎలా కనబడాలి, ఏ బటన్ ఎక్కడ ఉండాలి అన్నది గీసి ఇచ్చేదాన్ని. నా నోరు పుణ్యమా అని నన్ను వెనకాల మిరపకాయ్ అంటారు, ఎదురుగా డిజైనరమ్మా అంటారు. రెండూ నా చెవిన పడ్డవే.

ఫోన్ జట్టు పెద్దకి తారాజువ్వ అని పేరు పెట్టింది నేనే. ఎవరైనా మాట మొదలుపెట్టేలోపు అతను జవాబు చెప్పేసి లేచిపోతాడు. పేజీ జట్టు పెద్ద నిదానం. నిదానమే ప్రధానం అన్నవాడు ఈయన్ని చూసే అని ఉంటాడు. "చూద్దాం" అని ఆయన అన్నాడంటే ఆ పని వచ్చే వానాకాలానికి అవుతుంది. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు. యాప్ గొప్పా పేజీ గొప్పా అని మొదలుపెడితే అది తెమిలే తగువు కాదు.

ఆ ఎదురుచూసేవాళ్ళలో మా అన్నయ్య ఒకడు.

ఈ సంగతి మా పెద్దాయనకి, అంటే కంపెనీ యజమానికి, ఒక్కడికే చెప్పాను. మిగతావాళ్ళకి చెప్పలేదు. జాలి చూపులు నాకు సరిపడవు. అన్నయ్య కారు నడపడం నేర్పే మాస్టారు. ఊళ్ళో సగం మంది స్టీరింగ్ పట్టుకున్నది అతని పక్కన కూర్చునే. ఇప్పుడు రక్తం శుద్ధి చేయించుకుని వచ్చిన రోజున మెట్లెక్కడానికి కూడా వదిన భుజం కావాలి. వదిన ఇంట్లో బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. ఆవిడ మనిషి కాదు, శాసనం. అన్నయ్య ఫోన్ తన మిషన్ మీదే, కళ్ళెదురుగా పెట్టుకుంటుంది. "ఈ ఫోన్‌కి ఇంటివాళ్ళెవరూ చెయ్యొద్దు. మీరు కబుర్లు పెట్టుకుంటే ఆస్పత్రి వాళ్ళకి లైన్ దొరకదు" అని మా అందరికీ చెప్పేసింది. పొరపాటున చేస్తే కట్ చేస్తుంది. ఆవిడ సొంత ఫోన్ లోపలి గదిలో ఎక్కడో ఉంటుంది, మిషన్ నడుస్తుంటే అది మోగినా వినబడదు.

ఆస్పత్రి పేజీ కూడా తెరిచే ఉంచుతుంది, హాల్లో కంప్యూటర్లో, పగలూ రాత్రీ. ఆ కంప్యూటర్ నేనిచ్చిందే. దాని తెరని నిలువుగా తిప్పి పెట్టుకుంది. చొక్కాల కొలతల బొమ్మలు తల నుంచి కింద దాకా ఒక్కసారే కనబడతాయట.

ఇక ఆ రోజు సంగతి. అంతకు ముందు వరకూ పిలుపు రెండు చోట్లా మోగేది. ఒకాయన ఫోన్‌లో "వస్తున్నాను" నొక్కాడు. ఈలోపు పక్కన కంప్యూటర్ ఇంకా మోగుతూనే ఉంది. ఇదేదో మళ్ళీ వచ్చిందనుకుని కంగారుగా పరిగెత్తి అక్కడ "రాలేను" నొక్కేశాడు. ఆస్పత్రి వాళ్ళు పసిగట్టి సర్దుకున్నారు గానీ, ఆ మనిషి గుండె ఆగినంత పనయింది. తప్పు ఫోన్ వాళ్ళదని పేజీ వాళ్ళు, పేజీ వాళ్ళదని ఫోన్ వాళ్ళు ఎగిరారు. చివరికి పెద్దాయన తీర్పు చెప్పాడు. "మనిషి ఎక్కడుంటే అక్కడే మోగాలి. పేజీ తెరిచి ఉంటే కంప్యూటర్లో, లేకపోతే ఫోన్‌లో." అందరం చప్పట్లు కొట్టాం. ఆ చప్పట్లలో నావీ ఉన్నాయి. కొత్త పద్ధతి ఆ ఉదయమే అమల్లోకి వచ్చింది. పెద్దాయన విమానం ఎక్కి వెళ్ళిపోయాడు.

భోజనాలయ్యాక పిలుపు వచ్చింది.

పిలుపు నడుస్తున్నప్పుడు మా గదిలో పెద్ద తెర మీద రెండు వరసలు వెలుగుతాయి. పేర్లుండవు. మొదటి వరస వంతు వచ్చిన మనిషిది. రెండో వరస, మొదటి వాళ్ళు రాలేకపోతే వాళ్ళ బదులు వెళ్ళాల్సిన మనిషిది. వరస పక్కన ఒక ఆకుపచ్చ పట్టీ ఉంటుంది. గడువు కరిగే కొద్దీ అది సన్నబడుతుంది. అంకెలు పెడితే జనానికి గుండెదడ వస్తుందని పట్టీ పెట్టించింది నేనే. అందుకు పోట్లాడాను కూడా.

రెండో వరస వాళ్ళు ఫోన్ మోగీ మోగగానే "సిద్ధం" అని నొక్కేశారు.

"చూశారా మా ఫోన్!" అన్నాడు తారాజువ్వ, కాలర్ సర్దుకుంటూ.

మొదటి వరస పిలుపు వెళ్ళింది కంప్యూటర్‌కి. అక్కడ "చూశారు" అని పడింది. జవాబు మాత్రం లేదు.

"ఆలోచించుకుంటున్నారేమో" అన్నాడు నిదానం. "ఆపరేషన్ అంటే మాటలా."

నిజమే, కొందరు ఆలోచిస్తారు. భయపడతారు, ఇంట్లో వాళ్ళతో మాట్లాడుకుంటారు. వాళ్ళని తొందర పెట్టకూడదని మేమే ఆస్పత్రిలో ఒక నియమం పెట్టించాం. పిలుపు చేరలేదని తెర చెప్తే అక్కడి సిస్టర్ స్వయంగా ఫోన్ చేస్తుంది. "చూశారు" అని ఉంటే చెయ్యదు. చూసిన మనిషిని మళ్ళీ కదిలిస్తే ఒత్తిడి పెట్టినట్టవుతుందని. బాగున్న నియమమే.

పట్టీ సన్నబడుతోంది. నేను ఊరికే, చేతులు ఖాళీగా ఉండక, ఆ వరస వివరాలు తెరిచాను. రక్తం గ్రూపు. కంప్యూటర్. దాని కింద, తెర ఆకారం: నిలువు.

మళ్ళీ చదివాను.

నిలువు తెరకి కూడా పేజీ సరిగ్గా ఇమడాలని నేను పట్టుబట్టినప్పుడు ఇదే గదిలో అందరూ నవ్వారు. "కంప్యూటర్‌ని నిలబెట్టి వాడే మహానుభావులు ఎవరమ్మా?" అన్నారు. ఒక్కరున్నారని నాకు తెలుసు. రక్తం గ్రూపు అన్నయ్యదే.

ముందు సంతోషమే వచ్చింది, ఒప్పుకోవాలి.  వచ్చింది, మా అన్నయ్య వంతు వచ్చింది! ఆ వెంటనే ఇంకోటి తట్టింది. వదిన ఆలోచించే మనిషి కాదు. ఆ బటన్ కోసం దేవుడికి దణ్ణం పెట్టుకున్నట్టు ఎదురుచూస్తున్న మనిషి. ఆవిడ చూసి ఉంటే ఈ పాటికి బటన్ అరిగిపోయేది. ఆవిడ చూడలేదు.

అన్నయ్య ఫోన్‌కి చేశాను. రెండు రింగులు వెళ్ళాయి. కట్.

మళ్ళీ చేశాను. ఈసారి ఒక రింగు. కట్.

వదిన ఫోన్‌కి చేశాను. అది మోగి మోగి ఆగిపోయింది. మిషన్ తొక్కుతోందన్న మాట. మిషన్ గోడ వైపు ఉంటుంది, కంప్యూటర్ ఆవిడ వీపు వెనకాల. సందేశం పెట్టాను, "వదినా కంప్యూటర్ చూడు" అని. అది అందినట్టు గుర్తు పడింది గానీ చదివిన జాడ లేదు. మూడోసారి అన్నయ్య ఫోన్‌కి చేస్తే మోగకుండానే కట్ అయింది. నన్ను ఏకంగా బ్లాక్ చేసేసింది. ఆస్పత్రి వాళ్ళకి దారి ఇవ్వడానికి నాకు తలుపేసేసింది మహాతల్లి.

సిస్టర్‌కి చేశాను. వెంటనే ఎత్తింది.

"సిస్టర్, మొదటి వరస వాళ్ళకి మీరు ఫోన్ చెయ్యండి. వాళ్ళు చూడలేదు."

"చూశారనే ఉందిగా అమ్మా ఇక్కడ."

"అది తప్పు."

"తప్పని మీరంటే సరిపోదు కదా. నేను చేశాననుకోండి, రేపు రెండో వరస వాళ్ళు వచ్చి, చూసి ఊరుకున్న మనిషిని లేపి మరీ ఎందుకు అడిగారంటే నేనేం చెప్పాలి? మీ జట్టు పెద్దలిద్దరినీ చెప్పమనండి, తెర తప్పు చూపిస్తోందని. ఆ క్షణమే చేస్తాను. నాకూ మనసుంది."

ఆవిడ మాటలో వంక లేదు. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని గది మధ్యకి వచ్చి నిలబడ్డాను.

"మొదటి వరస వాళ్ళు పిలుపు చూడలేదు. అది తప్పుడు 'చూశారు'. మీరిద్దరూ సిస్టర్‌కి ఆ మాట చెప్పాలి. ఇప్పుడే."

"చూడలేదని నీకెలా తెలుసు?" అన్నాడు తారాజువ్వ.

"తెలుసు."

"అదేం జవాబు? పిలుపు నడుస్తుండగా ఏదీ కదపకూడదన్నది ఎవరు? నువ్వే కదూ!"

"కదపమనడంలేదు. చెప్పమంటున్నాను."

"ఏమని? మా ఫోన్ బాగానే ఉంది. అది మోగొద్దన్నారు, మోగలేదు. ఆ పేజీ వాళ్ళని అడుగు."

"పేజీలో తప్పేం లేదు" అన్నాడు నిదానం, ముక్కు మీది కళ్ళజోడు పైకి తోసుకుంటూ. "తెర మీదకి వచ్చిందని మాకు కబురొచ్చింది. వచ్చిందంటే చూసినట్టే."

"తెర మీదకి వస్తే చూసినట్టా? మీ నెత్తిన కాకి రెట్ట వేస్తే మీరు చూసినట్టేనా?"

 పట్టీ సగానికన్నా తక్కువైంది. ఇల్లు కాలి నేనేడుస్తుంటే వీళ్ళు ఏ గది ముందు అంటుకుందో తేల్చుకుంటున్నారు.  చెప్పకపోతే వీళ్ళు కదలరు. చెప్తే నా మాటకి విలువ పోతుంది. ఎలాగూ పోయేదే.

"మొదటి వరస మా అన్నయ్య" అన్నాను.

 తారాజువ్వ మొదటిసారి వెంటనే జవాబు చెప్పలేదు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "అయితే నువ్వు ఈ మాట ఎత్తనే కూడదు. గదిలోంచి బయటికి వెళ్ళాలి. ఆ రెండో వరసలో ఉన్నవాళ్ళకీ ఓ చెల్లెలుంటుంది డిజైనరమ్మా. ఆవిడకి ఈ గదిలో మనుషులు లేరు."

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. కోపం రావాల్సింది, రాలేదు. నిజమే అన్నాడు. ఆ రెండో మనిషి సిద్ధం అని నొక్కి, ఎక్కడో బట్టలు సర్దుకుంటూ ఉంటాడు.

"సరే, వెళ్తాను. నా మాట నమ్మొద్దు. కానీ వంతు ఎవరిదో నేను చెప్పలేదు, ఆస్పత్రి చెప్పింది. మోగకపోతే వంతు పోవడమేమిటి? అన్నయ్య అన్న సంగతి మర్చిపోండి. ఆ పేజీ మోగిందా లేదా, అదొక్కటి చూడండి. ఏ ఊసూ తెలియని మనిషనుకునే చూడండి."

నేను తలుపు దాకా వెళ్ళాను. బయటికి మాత్రం వెళ్ళలేదు. గడప మీదే నిలబడ్డాను.

నిదానం కుర్చీ ముందుకి లాక్కున్నాడు. ఆయన వేళ్ళు ఎప్పుడూ నడిచే వేగంతోనే నడిచాయి. నాకు ఆయన్ని వెనక నుంచి ఒక్క తోపు తొయ్యాలనిపించింది. తోసినా అంతే నడుస్తాడు.

"పొద్దున మనం కొత్త పద్ధతి పెట్టాం కదా" అన్నాడు, తనలో తాను అన్నట్టు. "అది అందుకోవడానికి తెరిచి ఉన్న పేజీలన్నీ వాటంతటవే కొత్తగా తెరుచుకున్నాయి."

"అవును, అయితే?" అన్నాడు తారాజువ్వ.

"ఈ పేజీ పొద్దున కొత్తగా తెరుచుకుంది. అప్పట్నుంచి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మౌస్ కదల్లేదు. ఒక్క నొక్కూ లేదు."

"అయితే?"

"ముట్టుకోని పేజీని బ్రౌజర్ చప్పుడు చెయ్యనివ్వదయ్యా. ప్రకటనలు వాటంతటవే మోగి జనాన్ని చంపుకు తినకుండా పెట్టిన కట్టుబాటు అది. మన గంటకీ అదే కట్టుబాటు." కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మోగలేదు. తెర రంగు మారింది, అంతే. మేమేమో అది చూసినట్టే అని రాశాం. మీ ఫోనేమో, పేజీ తెరిచే ఉందిగా అని నోరు మూసుకుంది."

తిలా పాపం తలా పిడికెడు. ఇంట్లో వంద ఎలుకలుంటే రెండు పిల్లులు నువ్వు పట్టు నువ్వు పట్టు అనుకుని పడుకున్నట్టుంది. పట్టీ ఇప్పుడు దారం అంత ఉంది.

నిదానం లేచాడు. ఆయన లేచి గబగబా నడవడం నేను ఎప్పుడూ చూడలేదు. నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు.

"సిస్టర్, పేజీ జట్టు పెద్దని. మొదటి వరస తప్పు. వాళ్ళకి మోగలేదు. తప్పు మాది."

ఫోన్ తారాజువ్వ వైపు చాపాడు. తారాజువ్వ తెర వంక చూశాడు, నా వంక చూశాడు. ఆ ఒక్క క్షణం నేను అతన్ని ఎంత ద్వేషించానో అతనికి తెలియదు. తర్వాత ఫోన్ అందుకున్నాడు.

"ఫోన్ జట్టు. మాదీ తప్పే. చెయ్యండి సిస్టర్."

ఆ తర్వాత మాకు చెయ్యడానికేమీ లేదు. అందరం పెద్ద తెర ముందు నిలబడ్డాం, కిటికీల వాళ్ళూ తలుపు వాళ్ళూ కలిసే. తారాజువ్వ నా ఫోన్ ఇంకా చేతిలోనే పట్టుకున్నాడు. పట్టీ ఉందో లేదో తెలియడంలేదు. అంకెలు ఎందుకు పెట్టనివ్వలేదా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

మొదటి వరస రంగు మారింది. "వస్తున్నారు."

నేను అక్కడే నేల మీద కూలబడి ఏడ్చేశాను. మిరపకాయ ఏడుస్తుంటే ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. ఎవరో మంచినీళ్ళు తెచ్చారు.

నీళ్ళు సగం తాగానో లేదో తారాజువ్వ చేతిలో నా ఫోన్ మోగింది. వదిన.

"ఏమ్మా, నీకు బుద్ధుందా? ఆ ఫోన్‌కి చెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాను! వరసపెట్టి చేస్తూ కూర్చున్నావు. నిన్ను ఆపేశాను కాబట్టి సరిపోయింది, లేకపోతే సిస్టరు ఫోన్ ఎట్లా వచ్చేది? వచ్చింది, తెలుసా? వచ్చింది!" నా ఏడుపు ఆవిడకి వినబడినట్టుంది. వెనకాల అన్నయ్య చెప్పుల కోసం వెతుక్కుంటున్నాడు. "ఏడవకు మరి. తిట్టాననా? నువ్వు ఆస్పత్రికి వచ్చెయ్. మిషన్ మీద చొక్కా అలాగే వదిలేసి వస్తున్నా."

"వస్తున్నా వదినా" అన్నాను. ఇంకేమీ చెప్పలేదు. ఆవిడ శాసనం వల్లే పని జరిగిందని ఆవిడ అనుకోనీ.

బ్యాగు భుజాన వేసుకుని, వెళ్తూ వెళ్తూ పెద్ద తెర వంక చూశాను. రెండో వరస ఇంకా వెలుగుతోంది.

మొదటి వాళ్ళు ఒప్పుకోగానే రెండో వాళ్ళకి ఒక మాట వెళ్తుంది. "ఈసారి మీ వంతు రాలేదు. వరసలో మీ స్థానం అలాగే ఉంది." కింద "సరే" అని ఒక బటన్. ఆ రెండు వాక్యాలూ నేనే రాశాను. మెత్తగా ఉండాలని చెరిపి చెరిపి రాశాను. బటన్‌కి నీలం వెయ్యాలా బూడిదరంగు వెయ్యాలా అని రెండు జట్లూ జుట్టూ జుట్టూ పట్టుకున్నంత పని చేశాయి. చివరికి ఫోన్‌లో నీలం, పేజీలో బూడిద.

ఆ వరస పక్కన, ఫోన్ తెర వెలిగే ఉందని గుర్తు కనబడుతోంది. చేతిలో పట్టుకునే ఉన్నారు. ఈసారి నిజంగానే చూశారు. "సరే" మాత్రం నొక్కలేదు.

తారాజువ్వ నా పక్కకి వచ్చి నిలబడ్డాడు.  అనాల్సింది ఇందాకే అన్నాడు.

సిస్టర్‌కి చేశాను. "సిస్టర్, రెండో వరస వాళ్ళకి ఒకసారి ఫోన్ చేసి మీరే చెప్పరూ? మనిషి గొంతు వినాలి వాళ్ళు."

"చెయ్యాలనే ఉందమ్మా నాకూ" అంది సిస్టర్. "వాళ్ళు చూశారుగా. చూసినవాళ్ళకి మళ్ళీ చెయ్యొద్దని మీరు పెట్టిందే కదా పద్ధతి."

ఆవిడ అన్న మాట ఇద్దరికీ చెప్పాను. నిదానం కళ్ళజోడు పెట్టుకుని, నా వంక చూసి తల ఊపాడు. తారాజువ్వ కూడా ఊపాడు. వాళ్ళిద్దరూ ఒకేసారి ఒకే మాటకి తల ఊపడం అదే మొదలు.

"ఆ పద్ధతి ఇప్పుడు లేదు సిస్టర్. మేం ముగ్గురం చెప్తున్నాం. చెయ్యండి" అన్నాను.

సిస్టర్ ఫోన్ పెట్టేసింది. కింద ఆటో దొరుకుతుందో లేదో అని నిదానం కిటికీ దగ్గరికి వెళ్ళి చూస్తున్నాడు. నేను వెళ్ళాలి, అక్కడ అన్నయ్య నా కోసం చూస్తుంటాడు. అయినా రెండో వరస దగ్గర, మాట్లాడుతున్నారన్న గుర్తు పడేదాకా ఆగాను. గుర్తు పడింది. చాలాసేపు అలాగే ఉంది. "సరే" నొక్కినట్టు మాత్రం రాలేదు. నొక్కక్కర్లేదని ఆ వరసని అలాగే వదిలేయమని చెప్పి, మెట్లు దిగాను.